కట్టలో వున్న కాగితమే హైకోర్టుకు సాక్షి

గుంటూరు: “కింది కోర్టులో పోతే పోయింది. హైకోర్టుకు వెళ్లి తేల్చుకుంటా.”

ఏ వూరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఏడాదికి ఒక్కసారైనా ఈ మాట చెవిన పడుతుంది. గట్టు తగాదాలో ఓడిన రైతు అంటాడు. పంపకాల్లో అన్యాయం జరిగిందనుకున్న ఆడపడుచు అంటుంది. కొట్లాట కేసులో కొడుక్కి శిక్ష పడిన తండ్రి అంటాడు. వీరిలో కొందరు అన్నంత పనీ చేస్తారు. అర ఎకరమో, పాడి గేదెనో అమ్మి, గుడ్డ సంచిలో కాగితాలు పెట్టుకుని బస్సెక్కుతారు.

ఆ మాట వెనుక ఒక నమ్మకం వుంది. హైకోర్టు అంటే పెద్ద పంచాయితీ అనీ, అక్కడి పెద్దలు ఇరుపక్షాలనూ ఎదురుగా నిలబెట్టి, కథంతా మొదటినుంచి విని న్యాయం చెబుతారనీ. అందులో కొంత నిజం లేకపోలేదు. కింది కోర్టు చేసిన తప్పును దిద్దే అధికారం హైకోర్టుకు వుంది. కాని కథను మళ్లీ మొదటినుంచి వినడం మాత్రం అప్పీళ్లలో జరగదు. కొత్త సాక్షులు రారు. పాత సాక్షులను పిలవరు. మునసబు కోర్టులోనో, సెషన్స్ కోర్టులోనో అప్పుడు దాఖలైన కాగితాలు, అప్పుడు రాసుకున్న వాంగ్మూలాలు, ఆ కట్టే అక్కడికి చేరుతుంది. న్యాయమూర్తి ముందుండేది అదే. అందులో లేనిది ఆయన దృష్టిలో లేనట్టే.

ఇది ముందే తెలియక ఎన్నో కుటుంబాలు చితికిపోతున్నాయి. అందుకే హైకోర్టులో సివిలు కేసు, క్రిమినలు కేసు ఎలా తేలుతాయో గ్రామస్థులకు అర్థమయ్యేలా చెప్పడం ఈ వ్యాసం వుద్దేశం.

మద్రాసు నుంచి నేలపాడు దాకా

హైకోర్టుకూ మన గుంటూరుకూ పాత చుట్టరికమే. ఒకప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాల పెద్ద కేసులన్నీ మద్రాసు హైకోర్టుకు పోయేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. తర్వాత 1966లో ఆయనే దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైకోర్టు హైదరాబాదులో మూసీ ఒడ్డున వున్న భవనానికి తరలింది. రాష్ట్రం విడిపోయిన తర్వాత కూడా కొన్నేళ్లు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి హైకోర్టే నడిచింది. 2019 జనవరి 1 నుంచి రెండూ వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇప్పుడు అమరావతి ప్రాంతంలో, తుళ్లూరు మండలం నేలపాడులో వుంది. మంజూరైన న్యాయమూర్తుల పదవులు 37.

దూరం తగ్గింది గాని పద్ధతి మారలేదు. ఏ రకం కేసు ఏ న్యాయమూర్తి వినాలో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయిస్తారు. కొన్ని కేసులను ఒక్క న్యాయమూర్తి వింటారు. కొన్నిటిని ఇద్దరు కూర్చుని వింటారు, దాన్ని డివిజన్ బెంచి అంటారు. మరీ ముఖ్యమైన చట్టపు ప్రశ్న వస్తే ముగ్గురు గాని, అంతకన్న ఎక్కువమంది గాని కూర్చుంటారు. తనకు నచ్చిన న్యాయమూర్తి దగ్గర వేసుకునే వీలు కక్షిదారుకు లేదు.

గట్టు తగాదాకు మూడు మెట్లు

సివిలు వ్యవహారం అర్థం కావడానికి ఒక గట్టు తగాదాను తీసుకుందాం. తూర్పు చేను రైతు, పడమర చేను రైతు. గట్టు జరిపి తన చేలో రెండు సెంట్లు కలుపుకున్నాడని తూర్పు రైతు దావా వేశాడు. వూళ్లలో ఇప్పటికీ మునసబు కోర్టు అంటున్న జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అతని మొదటి మెట్టు.

ఇక్కడే అసలు విచారణ. దస్తావేజులు, అడంగళ్లు, కొలతల పటాలు ఇక్కడే దాఖలు చేయాలి. పొరుగు రైతులు ఇక్కడే సాక్ష్యం చెప్పాలి. అవతలి ప్లీడరు అడ్డసవాళ్లను ఇక్కడే తట్టుకోవాలి. కోర్టు కమిషనరు సర్వేయరుతో వచ్చి చేను కొలిచేదీ ఇప్పుడే. ఆ కొలత తప్పని తోస్తే అభ్యంతరం కూడా ఇప్పుడే రాసి ఇవ్వాలి.

రెండో మెట్టు మొదటి అప్పీలు. మునసబు కోర్టు తీర్పు మీద అయితే పైనున్న సబ్ కోర్టుకో, జిల్లా కోర్టుకో వెళుతుంది. గడువు 30 రోజులు. ఈ కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయవచ్చు. ఏ సాక్షిని నమ్మాలి, గట్టు ఎక్కడ వుండేది అన్న సంగతులు మామూలుగా ఇక్కడితో ఆఖరు.

మూడో మెట్టు హైకోర్టులో రెండో అప్పీలు. గడువు 90 రోజులు. మన రైతులు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడులో 100వ సెక్షనును 1976లో సవరించారు. అప్పటినుంచి రెండో అప్పీలులో బరువైన చట్టపు ప్రశ్న వుంటే తప్ప హైకోర్టు జోక్యం చేసుకోదు. ఆ ప్రశ్న ఏమిటో అప్పీలుదారు ముందే రాసివ్వాలి. విచారణకు తీసుకునేటప్పుడు న్యాయమూర్తి దాన్ని తానుగా రాసుకోవాలి. అలాంటి ప్రశ్న లేదనుకుంటే అప్పీలు మొదటిరోజే కొట్టివేయవచ్చు.

చట్టపు ప్రశ్న అంటే ఏమిటి? “నా సాక్షి పెద్దమనిషి, ఆయన మాట నమ్మలేదు” అనడం చట్టపు ప్రశ్న కాదు. అది నమ్మకానికి సంబంధించినది, కింది రెండు కోర్టులూ తేల్చేశాయి. “కమిషనరు కొలత రికార్డులో వుండగా, దాన్ని చూడకుండానే తీర్పు చెప్పారు” అంటే హైకోర్టు ఆగి వింటుంది. “రిజిస్టరు కాని క్రయ కాగితాన్ని పట్టుకుని హక్కు వచ్చిందన్నారు” అన్నా వింటుంది. రుజువు చేయవలసిన భారాన్ని తప్పు మనిషి మీద పెట్టినా, ఒక్క సాక్ష్యమూ లేకుండా నిర్ణయానికి వచ్చినా అంతే. కింది కోర్టు ఎవరిని నమ్మింది అన్నదానికన్నా, ఏ దారిన ఆ నిర్ణయానికి వచ్చింది అన్నదే హైకోర్టు చూస్తుంది.

ఇంకో సంగతి. కేవలం 25 వేల రూపాయలకు మించని బాకీ వసూలు దావాలో రెండో అప్పీలు అసలు లేదు.

వరంగల్ స్థలాల కేసు

ఈ హద్దు ఒక్క కక్షిదారుకే కాదు, హైకోర్టుకూ వుంది. వరంగల్‌లో రెండు ఇళ్ల స్థలాల తగాదా ఇందుకు మంచి దృష్టాంతం. సోదరుడు సోదరికి పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చాడంటున్న స్థలం అది. ఆమె దగ్గర కొన్నవారు ఒకరు, సోదరుడి దగ్గర కొన్నవారు మరొకరు. ఆమె దగ్గర కొన్నవారు తమ స్వాధీనంలోకి ఎవరూ రాకుండా ఇంజంక్షన్ కావాలని మాత్రమే దావా వేశారు. స్థలం తమదని ప్రకటించమని అడగలేదు.

మొదటి కోర్టు వారికి అనుకూలంగా చెప్పింది. అప్పీలు కోర్టు తిప్పింది. రెండో అప్పీలులో హైకోర్టు నోటి దానం సంగతి లోపలికి వెళ్లి మళ్లీ వారికే ఇచ్చింది. 2008లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. దావాలో హక్కు గురించి సరైన వాదన రాయలేదు, దాని మీద ఇష్యూ కట్టలేదు, కనుక రెండో అప్పీలులో ఆ సంగతి తేల్చడం సరికాదన్నది. కావాలంటే హక్కు కోసం వేరే దావా వేసుకోవచ్చన్నది. దావా వేసిన రోజున రాయని ఒక్క మాట కోసం అన్ని మెట్లూ ఎక్కి మళ్లీ కిందికి రావలసి వచ్చింది.

“అప్పుడు దొరకని కాగితం ఇప్పుడు దొరికింది, దాఖలు చేస్తాను” అంటే? దారి వుంది గాని ఇరుకు దారి. ఎంత ప్రయత్నించినా అప్పట్లో దొరకలేదని చూపాలి. లేదా కింది కోర్టు తీసుకోవలసిన కాగితాన్ని తీసుకోలేదని చూపాలి. లేదా తీర్పు చెప్పడానికి అది కావాలని కోర్టుకే అనిపించాలి. పెట్టెలో పెట్టి మరిచిపోయాను అంటే ఒప్పుకోవడం కష్టం.

అప్పీలు వేస్తే స్టే వచ్చినట్టు కాదు

వూళ్లలో మరో పొరపాటు అభిప్రాయం వుంది. హైకోర్టులో అప్పీలు వేశాం గనక కింది డిక్రీ ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. స్టే కావాలని వేరే పిటిషను పెట్టి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది లేకపోతే అవతలివాడు అమీనాతో వచ్చి చేను స్వాధీనం చేసుకోవచ్చు.

అలాగే కేసు నడుస్తుండగా కక్షిదారు కాలం చేస్తే వారసులను 90 రోజుల్లో రికార్డులోకి తేవాలి. దినకర్మలు, అప్పులు, పంపకాలు, ఈ హడావుడిలో ప్లీడరుకు కబురు చేయడం మరిచిపోతారు. గడువు దాటితే అప్పీలు దానంతటదే పడిపోతుంది. మళ్లీ నిలబెట్టడానికి కారణాలు చెప్పుకోవాలి.

క్రిమినలు అప్పీలు తీరు వేరు

సివిలు రెండో అప్పీలులో చూపే నిగ్రహం క్రిమినలు అప్పీలులో వుండదు. మనిషి స్వేచ్ఛ, ఒక్కోసారి ప్రాణం తూకంలో వుంటాయి గనక సాక్ష్యమంతా హైకోర్టు మళ్లీ చదువుతుంది. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద అప్పీలు హైకోర్టుకే. ఏ కోర్టు అయినా ఏడేళ్లకు మించి జైలు వేస్తే అప్పీలు అక్కడికే. గడువు 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులు.

ఉరిశిక్ష సంగతి మరీ ప్రత్యేకం. ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా సెషన్స్ జడ్జి ఆ కేసును హైకోర్టుకు పంపవలసిందే. హైకోర్టు ఖాయం చేసేదాకా శిక్ష అమలు కాదు. తక్కువలో తక్కువ ఇద్దరు న్యాయమూర్తులు విని సంతకం చేయాలి. ఇద్దరి అభిప్రాయాలూ కలవకపోతే మూడో న్యాయమూర్తి ముందుకు వెళుతుంది.

హైకోర్టు చదివేటప్పుడు ఏం చూస్తుంది? కొట్లాట రాత్రి జరిగితే వెలుతురు వున్నదా? ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు, అది మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది? ఆలస్యమైతే కారణం చెప్పారా? గొడ్డలితో నరికాడని సాక్షి అంటే, డాక్టరు చూసిన గాయం కర్ర దెబ్బలా వుందా? పోలీసులకు మొదట చెప్పని పేరు కోర్టులో ఎందుకు వచ్చింది? పంచనామా మీద సంతకం చేసిన మనిషి అది తన ముందే రాశారన్నాడా?

వీటిలో ఏదో ఒకటి తేడా వచ్చినంత మాత్రాన కేసు పోదు. చిన్న చిన్న తేడాలు నిజం చెప్పేవారి మాటల్లోనూ వుంటాయని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. దెబ్బలు తిన్న సాక్షి మాటకు విలువ ఎక్కువ. అయితే కేసు వేరులోనే సందేహం వుంటే ఆ సందేహం ఫలితం ముద్దాయికి ఇవ్వాలి. సివిలు కేసులో ఎవరి పక్షం ఎక్కువ నమ్మదగ్గదిగా వుందో చూస్తే చాలు. క్రిమినలు కేసులో సహేతుకమైన సందేహం మిగలకుండా రుజువు కావాలి. ఒకే గొడవ మీద సివిలు దావాలో ఓడినవాడు క్రిమినలు కేసులో బయటపడడానికి ఇదే కారణం. అది కోర్టుల తికమక కాదు, రెండు వేర్వేరు తూకాలు.

శిక్ష పూర్తిగా వుండడమో, పూర్తిగా పోవడమో మాత్రమే జరుగుతుందనుకోరాదు. ముందు అనుకోకుండా అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో ప్రాణం పోయిందని తేలితే, హత్య నేరాన్ని తగ్గించి అంతకన్న చిన్న నేరం కింద శిక్ష వేయవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమని కూడా అడగవచ్చు. ఇస్తారా లేదా అన్నది నేరాన్ని బట్టి, సాక్ష్యాన్ని బట్టి.

నిర్దోషి అన్న తర్వాత

కింది కోర్టు విడుదల చేసిన మనిషికి హైకోర్టులో శిక్ష పడవచ్చా? పడవచ్చు. ప్రభుత్వం అప్పీలు చేయవచ్చు, అయితే ముందు హైకోర్టు అనుమతి కావాలి. 2009 డిసెంబరు 31 నుంచి నష్టపోయిన బాధితులకూ అప్పీలు హక్కు వచ్చింది. కాని ఆ అప్పీలు గెలవడం తేలిక కాదు. ప్రతి ముద్దాయీ నేరం రుజువయ్యేదాకా నిర్దోషే. ఒక కోర్టు విడుదల చేశాక ఆ భావన ఇంకా బలపడుతుందని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు వీలుంటే, విడుదల చేసిన అభిప్రాయాన్ని హైకోర్టు కదపరాదు.

అప్పీలు దాకా పోకుండానే కేసు కొట్టివేయమని కోరే పిటిషన్లు కూడా వున్నాయి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అంతకుముందు 482వ సెక్షను కింద వేసినవి ఇప్పుడు 528వ సెక్షను కింద వేస్తున్నారు. ఫిర్యాదులో రాసినదంతా నిజమనుకున్నా నేరం కాదని తేలితే కేసు కొట్టివేస్తారు. ఇరుపక్షాలూ రాజీపడిన సొంత తగాదాల్లోనూ కొట్టివేయవచ్చు. హత్య, మానభంగం వంటి నేరాలకు మాత్రం వూళ్లో పెద్దలు చేసిన రాజీ హైకోర్టులో చెల్లదు.

తీర్పు చేతికి వచ్చేదాకా

అప్పీలు దాఖలు కాగానే కార్యాలయంలో లోపాలు చూస్తారు. నకలు లేదనో, కోర్టు ఫీజు తక్కువనో, గడువు దాటిందనో తిప్పి పంపుతారు. నెంబరు పడిన తర్వాత న్యాయమూర్తి ముందుకు వస్తుంది. తీసుకోదగ్గదని తోస్తే అవతలివారికి నోటీసు, కింది కోర్టు రికార్డుకు కబురు. ఆ తర్వాత వాదనల కోసం వంతు రావాలి. ఏళ్లు పట్టేది ఇక్కడే.

వాదనలు ఇంగ్లీషులో సాగుతాయి, తీర్పూ ఇంగ్లీషులోనే. తెలుగు కాగితాలకు తర్జుమా అవసరమవుతుంది. తర్జుమాలో హద్దు మారితే చేను మారినట్టే గనక దాన్ని చదివించుకుని చూసుకోవాలి. విన్నాక న్యాయమూర్తి అక్కడికక్కడే తీర్పు చెప్పవచ్చు, వాయిదా వేసి రాసి చెప్పవచ్చు. మూడు నెలలైనా తీర్పు రాకపోతే త్వరగా చెప్పమని పిటిషను పెట్టుకోవచ్చని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పులో కారణాలు వుండి తీరాలి. ఓడినవాడు మొదట చదివించుకోవలసింది ఆ కారణాలనే.

కట్ట కట్టేది మనమే

కోర్టులో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని మన పెద్దల సామెత. ఏడుపు తగ్గించుకునే మార్గాలు కొన్ని చేతిలోనే వున్నాయి.

దావా వేసే రోజునే కాగితాలన్నీ ప్లీడరు ముందు పరచాలి. మనకు వ్యతిరేకంగా వున్న కాగితం కూడా దాచరాదు, దాచింది అవతలివాడు తెస్తాడు. సాక్షికి చూసింది చెప్పమనాలి, చూడనిది నేర్పరాదు. నేర్పిన ముక్క హైకోర్టు చదివేనాడు తేలిపోతుంది.

తీర్పు వచ్చిన రోజునే నకలుకు దరఖాస్తు పెట్టాలి. నకలు తయారుకు పట్టే కాలం గడువులో లెక్కకు రాదు, మనం దరఖాస్తు పెట్టకుండా కూర్చున్న కాలం మాత్రం వస్తుంది. జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. అతను జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.

డబ్బు లేదని వెనుదిరగనక్కరలేదు. ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు, నిర్బంధంలో వున్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా ప్లీడరును పెడుతుంది. హైకోర్టులోనూ దాని కమిటీ వుంది. ఫోను 15100. కేసుకు ఇచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నెంబరు దగ్గర వుంటే, వాయిదా ఎప్పుడో చదువుకున్న పిల్లవాడు సెల్‌ఫోనులో చూసి చెబుతాడు. అందుకోసం ఛార్జీలు పెట్టుకుని తిరగనక్కరలేదు.

చివరగా ఒక్క మాట. హైకోర్టుకు వెళ్లాలని నిర్ణయించుకున్నప్పుడు ప్లీడరు గారిని “గెలుస్తామా?” అని కాక, “కింది తీర్పులో చట్టం ఎక్కడ తప్పింది, చూపండి” అని అడగాలి. ఆయన వేలుపెట్టి ఒక పేరా చూపగలిగితే బస్సెక్కవచ్చు. చూపలేకపోతే ఆ అర ఎకరం వుంచుకుని, అవతలి రైతుతో లోక్ అదాలత్‌లో కూర్చోవడం మేలు. అక్కడ ఒప్పుకున్నదానికి అప్పీలు లేదు. గట్టు ఎక్కడ వుండాలో ఆ ఇద్దరు రైతులకు తెలిసినంతగా ఏ కాగితానికీ తెలియదు.